శరణార్థి బిడ్డలు – పెద్ద కాలేజీ తలుపులు

శరణార్థి అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. 1942లో జపాను సైన్యం రంగూనును పట్టుకున్నప్పుడు, అక్కడ రేవుల్లోనూ మిల్లుల్లోనూ రెక్కలు ముక్కలు చేసుకుని బ్రతుకుతున్న మనవారు వేల సంఖ్యలో కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చారు. దారిలో రాలిపోయినవారు ఎందరో! 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మరెందరో కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఆ పేరుతోనే నేటికీ ఉంది.

అదే బర్మాలో కరెన్, చిన్ జాతులవారు సైన్యం బాధలు పడలేక ఇల్లూ వాకిలీ విడిచిపెట్టారు. కరెన్లు 1984 నుంచి థాయిలాండ్ సరిహద్దు శిబిరాల్లో తలదాచుకున్నారు. వీరిలో బాప్టిస్టులు చాలామంది ఉన్నారు. 1813లో జడ్సన్ దంపతులు అడుగుపెట్టిన బర్మాలో పరిచర్య చేసిన అమెరికన్ బాప్టిస్టులే 1836లో మన తెలుగు నేలకూ వచ్చారు. ఆ విధంగా వీరు మనకు దూరపు బంధువులే.

2005 తర్వాత వీరిలో వేలాది కుటుంబాలకు అమెరికాలో ఆశ్రయం దొరికింది. కరెన్లు మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో, చిన్ జాతివారు ఇండియానాపోలిస్‌లో ఎక్కువగా స్థిరపడ్డారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం శరణార్థులను చేర్చుకునే కార్యక్రమాన్ని నిలిపివేసింది. అయితే అంతకు ముందే వెళ్లినవారి పిల్లలు ఇప్పుడు అక్కడి హైస్కూళ్లలో చదువుతున్నారు. తల్లిదండ్రులు మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీల్లోనో, గిడ్డంగుల్లోనో పనిచేస్తారు. పిల్లలు మాత్రం క్లాసులో మొదటి వరుసలో ఉంటారు. అలాంటి బిడ్డ ఒక పేరున్న కాలేజీకి దరఖాస్తు పెట్టాలంటే ఏమి కావాలి? ఈ వ్యాసం ఆ సంగతి గురించే. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు ఇది చదివి ప్రక్కింటి బిడ్డకు చేయూతనిస్తే అంతకంటే కావలసింది లేదు.

ధర చూసి వెనుదిరగవద్దు

ప్రపంచం మొత్తం మీద శరణార్థి యౌవనస్థుల్లో కాలేజీ మెట్లు ఎక్కుతున్నవారు నూటికి పదిమందైనా లేరు. 2030 నాటికి దీనిని 15కు చేర్చాలని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ గురి పెట్టుకుంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలోని 22వ అధికరణం, పై చదువుల విషయంలోనూ సర్టిఫికెట్ల గుర్తింపులోనూ ఫీజుల మినహాయింపులోనూ శరణార్థులకు వీలైనంత అనుకూలంగా ఉండాలని దేశాలను కోరుతుంది. కాగితం మీద ఉన్న ఈ మంచి మాట ఇంటి గడప దాకా రావడమే కష్టం.

అమెరికాలో పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు ఇప్పుడు 80, 90 వేల డాలర్లు. ఏడాదికి 40 వేలు సంపాదించే తండ్రి ఆ అంకె చూసి ఏమంటాడు? “మనకెందుకమ్మా అంత పెద్ద చదువు?” అంటాడు. కానీ ఆ అంకె అందరికీ కాదు. కొన్ని కాలేజీలు సీటు ఇచ్చేటప్పుడు కుటుంబం స్తోమతు చూడవు. సీటు ఇచ్చిన తర్వాత మాత్రం ఆ కుటుంబం ఎంత కట్టగలదో లెక్కకట్టి, తక్కువ పడినదంతా తామే భరిస్తాయి. హార్వర్డ్‌లో 2025 నుంచి లక్ష డాలర్ల లోపు ఆదాయం గల కుటుంబాల బిడ్డలకు చదువు, బస, భోజనం ఉచితం. ప్రిన్స్‌టన్‌లో లక్షా యాభై వేల లోపు ఆదాయం గలవారిలో అత్యధికులకు అదే ఏర్పాటు. అనగా పేదబిడ్డకు ఊళ్లోని మామూలు కాలేజీ కంటే దూరాన ఉన్న పెద్ద కాలేజీయే చౌక కావచ్చు.

ఈ సంగతి తెలియకపోవడం వలన కలిగే నష్టాన్ని కరోలిన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు చూపించారు. బాగా చదివే పేద విద్యార్థుల్లో అత్యధికులు ఒక్క పెద్ద కాలేజీకైనా దరఖాస్తు పెట్టడం లేదని వారు కనుగొన్నారు. సీటు రాక కాదు, అడగక పోగొట్టుకుంటున్నారు. 2013లో హాక్స్‌బీ, సారా టర్నర్ కలిసి మరో పరిశోధన ఫలితం ప్రకటించారు. మనిషికి సుమారు 6 డాలర్ల ఖర్చుతో సమాచారం పోస్టులో పంపితే, ఆ పిల్లలు ధైర్యంగా పెద్ద కాలేజీలకు దరఖాస్తు పెట్టారు. ఆరు డాలర్ల మాట సాయం ఒక బిడ్డ బ్రతుకును త్రిప్పగలదు.

అయితే పేరున్న ప్రతి కాలేజీ పూర్తి సాయం చేయదు. ఒక్కో కుటుంబానికి ఖర్చు ఎంత పడుతుందో లెక్కవేసి చూపే సాధనం ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ ఉంటుంది. 2011 నుంచి ఇది తప్పనిసరి. దరఖాస్తుకు ముందే దానిని చూడాలి.

నెలలవారీగా చేయవలసినవి

మన దగ్గర ఎంట్రెన్స్ ర్యాంకును బట్టి సీటు వస్తుంది. అక్కడ అలా కాదు. మార్కులు, ఉపాధ్యాయుల ఉత్తరాలు, స్వయంగా రాసిన వ్యాసం, బడి వెలుపల చేసిన పనులు అన్నీ కలిపి చూస్తారు. అందుకే పదకొండో తరగతిలోనే పని మొదలు పెట్టాలి. తక్కువ ఆదాయం గల విద్యార్థులకు ఎస్.ఏ.టి. పరీక్ష రెండుసార్లు ఉచితం. కామన్ అప్లికేషన్ ద్వారా పంపే దరఖాస్తులకు కూడా ఫీజు మినహాయింపు ఉంది. బడిలోని కౌన్సెలర్‌ను అడగడానికి మొహమాటపడరాదు.

పన్నెండో తరగతి మొదట్లోనే క్వెస్ట్‌బ్రిడ్జ్ అనే సంస్థ దరఖాస్తు వస్తుంది. 50కి పైగా పేరున్న కాలేజీలు ఈ సంస్థతో కలిసి పనిచేస్తాయి. సుమారు 65 వేల డాలర్ల లోపు ఆదాయం గల నలుగురి కుటుంబాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇది నడుస్తుంది. సెప్టెంబరు చివరికి దరఖాస్తు పంపాలి. ఎంపికైనవారికి డిసెంబరు 1న కబురు వస్తుంది. నాలుగేళ్ల ఖర్చంతా కాలేజీయే పెట్టుకుంటుంది, అప్పు ఉండదు. ఇందులో రాకపోయినా నిరాశ వద్దు. జనవరి మొదటి వారం వరకు మామూలు దరఖాస్తులు చాలా కాలేజీలు తీసుకుంటాయి. ఫలితాలు మార్చి నెలాఖరుకు వస్తాయి. మే 1 లోపు ఏ కాలేజీలో చేరేదీ చెప్పాలి.

డబ్బు సాయానికి వేరే ఫారాలు ఉన్నాయి. ప్రభుత్వ సాయానికి ఫాఫ్సా, చాలా ప్రైవేటు కాలేజీలకు సి.ఎస్.ఎస్. ప్రొఫైల్. శరణార్థి హోదా గలవారు ఫాఫ్సా వేయవచ్చు. విదేశీ విద్యార్థిగా తనను తాను చూపుకోనక్కరలేదు. అత్యంత పేదలకిచ్చే పెల్ గ్రాంటు 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. నియమాలు మారుతుంటాయి గనుక ఆ ఏటి నియమాలను ఆ ఏడే చూసుకోవాలి.

కాగితాల చిక్కులు

శరణార్థి బిడ్డకు ఇతరులకు లేని చిక్కులు ఇక్కడే వస్తాయి. కరెన్ పేర్లలో ఇంటిపేరు ఉండదు. ఫారమేమో ముందు పేరు ఒకటి, వెనుక పేరు ఒకటి అడుగుతుంది. వలస అధికారి ఒక విధంగా విడదీసి రాస్తే, బడిలో మరో విధంగా రాస్తారు. పుట్టిన తేదీ కాగితం లేనివారికి జనవరి 1 అని వేయడం మామూలు. ఒకే ఇంట్లో తండ్రికీ తల్లికీ పిల్లలకూ అదే పుట్టినరోజు! సోషల్ సెక్యూరిటీ కార్డు మీది పేరు, ఫాఫ్సాలోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకుంటే ఫారం ఆగిపోతుంది. దేశంలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చిన ఐ-94 కాగితం ప్రతులు భద్రపరచుకోవాలి.

శిబిరపు బడి మార్కుల పట్టిక దొరకకపోతే ఆ సంగతి దాచనక్కరలేదు. ఏ శిబిరంలో ఎన్నేళ్లు చదివినదీ కౌన్సెలర్ తన ఉత్తరంలో రాస్తే కాలేజీవారు అర్థం చేసుకుంటారు. తల్లిదండ్రుల పన్ను కాగితాలు, జీతం కాగితాలు అక్టోబరు లోపే ఒక సంచిలో చేర్చి పెట్టుకోవడం మేలు.

తన కథ ఎంత చెప్పాలి?

కామన్ అప్లికేషన్‌లో 650 మాటలకు మించకుండా ఒక వ్యాసం రాయాలి. “నీ శిబిరం కథ రాయి, సీటు వస్తుంది” అని చాలామంది సలహా ఇస్తారు. ఇది ఆలోచించవలసిన మాట. తన గాయాన్ని చూపించి సీటు అడగాలన్న నియమం ఎక్కడా లేదు. చెప్పాలనిపిస్తే చెప్పవచ్చు. చెప్పలేని దానిని చెప్పకుండా ఉండే హక్కు ఆ బిడ్డకు ఉంది. కాలేజీవారికి కావలసింది ఆ బిడ్డ ఆలోచన, ఆసక్తి. అమ్మమ్మ దగ్గర నేర్చిన నేత పని గురించి గానీ, లెక్కల్లో కలిగిన ప్రీతి గురించి గానీ రాసినా అది మంచి వ్యాసమే.

మరో మాట. ఈ పిల్లలు “నేను ఏ క్లబ్బులోనూ లేను, ఏమి రాయను?” అని క్రుంగిపోతారు. సాయంత్రం బడి అయ్యాక తమ్ముళ్లకు వండిపెట్టేది ఎవరు? ఆసుపత్రిలో తల్లి మాట డాక్టరుకు, డాక్టరు మాట తల్లికి చెప్పేది ఎవరు? కరెంటు బిల్లు చదివి కట్టేది ఎవరు? దరఖాస్తులో కుటుంబ బాధ్యతలకు ప్రత్యేకంగా చోటు ఉంది. వారానికి ఎన్ని గంటలో లెక్కవేసి రాయాలి. అది సేవే, అది నాయకత్వమే.

ఇంట్లో మాటలు

అన్నిటికంటే కష్టమైన గడప ఇంటిదే. “నువ్వు వెళ్లిపోతే మాకు ఉత్తరాలు చదివి చెప్పేదెవరమ్మా?” అని తల్లి అడుగుతుంది. ఇది స్వార్థం కాదు. ఒకసారి అన్నీ పోగొట్టుకున్న మనిషి, మిగిలిన దానిని దగ్గరే ఉంచుకోవాలనుకుంటుంది. కూతురి గుండెలోనూ రెండు మాటలు పోరాడతాయి. వెళ్లకపోతే తన బ్రతుకు, వెళితే తల్లి బ్రతుకు. ఈ బాధను తేలికగా తీసిపారేయరాదు. దగ్గరి కాలేజీని, లేదా కమ్యూనిటీ కాలేజీని ఎంచుకున్న బిడ్డ ఓడిపోయినట్టు కాదు. కానీ ఆ ఎంపిక తెలిసి చేసినది కావాలి, తెలియక చేసినది కారాదు. తల్లిదండ్రులకు వారి భాషలో, ఖర్చుల లెక్కతో సహా చెప్పగల పెద్దమనిషి ఒకరుంటే సగం భయం తీరుతుంది.

చేరిన తర్వాత కూడా ఖర్చులు ఉంటాయి. చలికోటు, పుస్తకాలు, రాకపోకల టిక్కెట్లు, సెలవుల్లో హాస్టలు మూసినప్పుడు తిండి, బస. వీటికి సాయం ఉందా అని చేరకముందే అడగాలి. అడగడం సిగ్గు కాదు.

మనం చేయగలది

ఇంకా శిబిరాల్లోనే ఉన్నవారికి దారి ఇంతకంటే ఇరుకు. 1992 నుంచి జర్మనీ ప్రభుత్వ సహాయంతో నడుస్తున్న డాఫీ స్కాలర్‌షిప్ వారు తలదాచుకున్న దేశంలోనే చదివిస్తుంది. దానికి ఐన్‌స్టీన్ పేరు పెట్టారు. ఆయనా ఒకప్పుడు శరణార్థియే. కెనడాలో 1978 నుంచి ఒక పథకం ద్వారా అక్కడి విద్యార్థులు తమ ఫీజులో కొంత వేసుకుని శరణార్థి విద్యార్థులను రప్పించుకుంటున్నారు.

అమెరికాలోని మన సంఘాలవారు చేయగల పనులు చిన్నవే. శనివారం రెండు గంటలు ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఫారాలు నింపడం తెలిసిన ఒక అన్నయ్యో అక్కయ్యో ఉంటే చాలు. వ్యాసం చదివి తప్పులు చూపాలి గానీ వారి బదులు రాయకూడదు. బిడ్డను ఎరిగిన సంఘ కాపరి ఒక ఉత్తరం రాయవచ్చు. దగ్గరి బంధువులు లేని ఆ బిడ్డకు సెలవుల్లో ఒక పూట భోజనం పెట్టవచ్చు.

బర్మా నుంచి నడిచి వచ్చిన మన తాతలకు ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు మంచినీళ్లు ఇచ్చారు, దారి చూపారు. నేడు దారి అడుగుతున్నది వేరే భాష మాట్లాడే బిడ్డ. అడవి దారి కాదు, ఫారాల దారి. తెలిసినవారు తోడు నడిస్తే ఆ బిడ్డ గమ్యం చేరుతుంది.