పాఠ్యభాగం 7: కొండ, నీరు, పంట – శృంగవరపుకోట నుంచి అరకు వరకు ఒక పర్యాటక ప్రాంతం

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- ఒక లోతట్టు పర్యాటక ప్రాంతంలో కొండలకూ జలాశయాలకూ పంటలకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- అరకు కాఫీని ద్రాక్షతోటల పర్యాటకంతో పోల్చి, పోలికలనూ తేడాలనూ గుర్తించగలుగుతారు.
- షెడ్యూల్డ్ ప్రాంత భూచట్టాలు పర్యాటకంపై చూపే ప్రభావాన్ని తెలుసుకోగలుగుతారు.
- సందర్శకుడు ఖర్చుచేసే డబ్బు ఎవరికి చేరుతుందో విశ్లేషించగలుగుతారు.

7.1 విషయ పరిచయం

పర్యాటకం అనగానే మనకు సముద్రతీరాలు, పుణ్యక్షేత్రాలు, కోటలు గుర్తుకు వస్తాయి. కాని ప్రపంచంలో మరో రకమైన పర్యాటక ప్రాంతాలు కూడా పేరుపొందాయి. సముద్రానికి దూరంగా, కొండల మధ్య, నీటి ఒడ్డున, ఒక ప్రత్యేకమైన పంట పండే ప్రాంతాలు ఇవి. కెనడాలోని ఒకనగాన్ లోయ ఇటువంటిదే. అక్కడ కొండలు, పొడవాటి సరస్సు, ద్రాక్షతోటలు, వైన్ తయారీ కేంద్రాలు ఒకే ప్రయాణంలో కనిపిస్తాయి. మన దేశంలో మహారాష్ట్రలోని నాసిక్‌ను చెప్పుకోవచ్చు. గోదావరిపై కట్టిన గంగాపూర్ జలాశయం పరిసరాల్లోనే 1999లో స్థాపించిన సులా వైన్‌యార్డ్స్ ఉంది. ద్రాక్షతోట చూడటానికి, అక్కడే తయారైన వైన్ రుచి చూడటానికి జనం వెళుతున్నారు.

తెలుగు నేలపై దీనికి దగ్గరి ఉదాహరణ ఏది? విజయనగరం జిల్లా శృంగవరపుకోట నుంచి తూర్పు కనుమలు ఎక్కి అరకు చేరే దారి. ఇక్కడ కొండలున్నాయి, జలాశయాలున్నాయి. ద్రాక్ష స్థానంలో కాఫీ ఉంది. ఈ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక ప్రశ్నకు సమాధానం వెతుకుదాం: ఒక ప్రాంతపు అందానికీ రుచికీ మూలమైన మనుషులకు ఆ ప్రాంతపు పర్యాటకం వల్ల ఏం దక్కుతుంది?

7.2 దారి: కొండ దిగువన ఉన్న ఊరు

స్థానికులు ఎస్.కోట అని పిలిచే శృంగవరపుకోట తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంది. ఊరికి దగ్గరలోని పుణ్యగిరిపై ఉమాకోటిలింగేశ్వరస్వామి ఆలయం, జలధార ఉన్నాయి. మహాశివరాత్రికి చుట్టుపక్కల గ్రామాల నుంచి భక్తులు పెద్దసంఖ్యలో వస్తారు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రోడ్డు ఈ ఊరిమీదుగానే సాగుతుంది. బొడ్డవర దాటాక ఘాట్ రోడ్డు మొదలై కాశీపట్నం, టైడ, అనంతగిరి, సుంకరమెట్టల మీదుగా అరకు చేరుతుంది.

రైలుమార్గం కూడా శృంగవరపుకోట మీదుగానే వెళుతుంది. కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960లలో ప్రధానంగా బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి నిర్మించారు. సొరంగాలు, వంతెనలు దాటుతూ కొండ ఎక్కే ఈ మార్గంలో శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఖనిజం కోసం వేసిన పట్టాలు క్రమంగా సందర్శకులకు కూడా ఆకర్షణ అయ్యాయి. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను ఈ రైలుకు జోడించారు.

ఇక్కడ ఒక అంశాన్ని గమనించాలి. రోడ్డు అయినా రైలు అయినా సందర్శకుణ్ణి శృంగవరపుకోట మీదుగా దాటించి తీసుకుపోతాయి. దారిలో ఉన్న ఊరికి దారివల్ల లాభం తనంత తానుగా రాదు. సందర్శకుడు ఆగితేనే వస్తుంది.

7.3 నీరు: గోస్తనీ నది చెప్పే పాఠం

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల గుండా ప్రవహిస్తుంది. బొర్రా సున్నపురాతి గుహలు. వాననీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తూ, కరిగిన ఖనిజాన్ని మరోచోట పేరుస్తూ ఉండటం వల్ల పైకప్పు నుంచి వేలాడే రూపాలు, నేల నుంచి లేచే స్తంభాలు ఏర్పడ్డాయి. గుహల దిగువన కటికి జలపాతం ఉంది. నది అక్కడినుంచి మైదానానికి దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. 1960లలో నిర్మించిన ఈ జలాశయం శృంగవరపుకోటకు దగ్గరలోనే, గంట్యాడ మండలంలో ఉంది. విజయనగరం జిల్లా పొలాలకు సాగునీరు, విశాఖ నగరానికి తాగునీరు దీని నుంచి అందుతాయి. చివరకు గోస్తనీ భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

అంటే విశాఖ నుంచి అరకు వెళ్ళే సందర్శకుడు తన ఇంటి కుళాయి నీళ్ళలో కొంత భాగం పుట్టినచోటికి వెళుతున్నాడన్నమాట. కొండమీద చెట్లు ఉన్నంతవరకు వాన నేలలోకి ఇంకి, నెమ్మదిగా వాగుల్లోకి దిగుతుంది. చెట్లు పోతే అదే వాన మట్టిని కోసుకుంటూ వచ్చి జలాశయంలో పూడికగా మారుతుంది. కాబట్టి కొండమీద గిరిజన రైతు ఏ పంట వేస్తాడు, ఎలా వేస్తాడు అన్నది కిందనున్న పట్టణానికి కూడా సంబంధించిన విషయం.

ఈ ప్రాంతంలో సరస్సుల్లా కనిపించే పెద్ద నీటివిస్తీర్ణాలు ఎక్కువగా మనిషి కట్టినవే. మరింత పశ్చిమంగా, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోసం నిర్మించిన జోలాపుట్ జలాశయం మరో ఉదాహరణ. ఆ కేంద్రం 1955లో ప్రారంభమైంది. నీటికింద మునిగిన భూములలో గిరిజన గ్రామాలున్నాయి. అందమైన జలదృశ్యం వెనుక నిర్వాసితుల చరిత్ర ఉండవచ్చునని పర్యాటక విద్యార్థి మరువకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
తాటిపూడి జలాశయానికీ అనంతగిరి అడవులకూ గల సంబంధాన్ని మూడు వాక్యాలలో రాయండి.

7.4 పంట: ద్రాక్ష స్థానంలో కాఫీ

ద్రాక్షతోటల ప్రాంతాల బలం ఏమిటంటే అక్కడి వైన్‌కు ఆ ఊరిపేరే విలువ తెచ్చిపెడుతుంది. నేల, ఎత్తు, వాన, ఎండ, చేతిపని కలిసి ఇచ్చిన రుచి ఇది అని కొనేవాడు నమ్ముతాడు. అరకు కాఫీకి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. వార్తల్లో జీఐ ట్యాగ్ అని కనిపించేది ఇదే. సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తులో, విశాఖ మన్యంలోనూ ఆనుకుని ఉన్న ఒడిశా కొండల్లోనూ పండే కాఫీకి ఇది వర్తిస్తుంది.

అరబికా కాఫీ మొక్కకు చల్లదనం, నీడ కావాలి. అందుకే ఇక్కడ సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ వేస్తారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. ఒకే నేలపై నీడచెట్టు, మిరియం, కాఫీ అనే మూడు అంతస్తులు ఉంటాయి. వేసవి ఆరంభపు జల్లులకు తెల్లని పూలు పూస్తాయి. నవంబరు నుంచి ఎర్రగా పండిన కాయలను చేత్తో ఏరతారు. ఒకే కొమ్మపై పండినవీ పచ్చివీ కలిసి ఉంటాయి కాబట్టి అదే మొక్క దగ్గరకు మళ్ళీ మళ్ళీ రావాలి. మంచి రుచికి మొదటి కారణం ఈ ఓపికే.

కోసిన తరువాత విలువ ఎలా పెరుగుతుందో చూడండి. రైతు పండును అలాగే అమ్మితే ఒక ధర వస్తుంది. తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టి గింజగా అమ్మితే ఎక్కువ ధర. వేయించి, పొడిచేసి, పేరున్న ప్యాకెట్‌లో అమ్మితే ఇంకా ఎక్కువ. ప్రతి మెట్టు ఎక్కడానికి యంత్రం, కళ్ళం, పెట్టుబడి, కొనుగోలుదారుతో పరిచయం కావాలి. ఒక చిన్న రైతుకు ఇవన్నీ విడిగా సాధ్యం కావు. అందుకే సంస్థల పాత్ర ముఖ్యమైంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని కొని, పొడిగా తయారుచేసి అమ్ముతోంది. నాంది ఫౌండేషన్ సహకారంతో గిరిజన రైతులు ఏర్పరచుకున్న సహకార సంఘం పండించిన కాఫీ ‘అరకు’ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణం తెరిచే స్థాయికి చేరింది.

వైన్‌తో మరో పోలిక కూడా ఉంది. మన్యంలో జీలుగు చెట్టు కల్లు తరతరాలుగా ఆహారంలోనూ పండుగల్లోనూ భాగం. గోదావరి మన్యంలో 1879లో జరిగిన రంప తిరుగుబాటుకు కల్లుపై విధించిన పన్ను ఒక ముఖ్య కారణం. కల్లుగీతను ఆ ప్రజలు తమ హక్కుగా భావించారు. ద్రాక్షతోటల ప్రాంతంలో పానీయం ప్రధానంగా మార్కెట్టు కోసం తయారవుతుంది. మన్యంలో కల్లు తయారైంది ఇంటికోసం, ఊరికోసం. సందర్శకుడు దానిని వినోదవస్తువుగా చూడటం తగదు.

కాఫీకి తోడు శీతాకాలంలో వలిసె పూలు లోయను పసుపుపచ్చగా మారుస్తాయి. ఫొటోల కోసం ఆగేవారికి అది ఒక దృశ్యం. రైతుకు అది నూనెగింజల చేను. తొక్కితే పంట పోతుంది. అందుకే కొందరు రైతులు చేలో దిగేవారి దగ్గర కొద్దిపాటి రుసుము తీసుకుంటున్నారు. అది న్యాయమైన ధర.

7.5 భూమి: ఇక్కడి ప్రత్యేక చట్టం

ద్రాక్షతోటల ప్రాంతాలలో పర్యాటకం పెరిగితే బయటి పెట్టుబడిదారులు భూములు కొని విడిదులు కట్టడం మామూలే. అరకు, అనంతగిరి ప్రాంతాలు రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వస్తాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. 1/70 చట్టంగా ప్రసిద్ధమైన ఈ సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు.

ఈ విషయంలో బొర్రా ప్రాంతానికి దేశచరిత్రలోనే స్థానం ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసర గ్రామాల్లో గనుల లీజులను ప్రైవేటు సంస్థలకు ఇవ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదనీ, ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తి కిందికే వస్తుందనీ స్పష్టంచేసింది. సమత తీర్పుగా పేరుపొందినది ఇదే. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం గ్రామసభకు మరికొన్ని అధికారాలు ఇచ్చింది.

అయితే శృంగవరపుకోట మండలం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. ఈ మండలంలోని దారపర్తి పంచాయతీ కొండశిఖర గ్రామాల్లో ఉండేవారూ గిరిజనులే. రోడ్డు లేక రోగులను, గర్భిణులను డోలీలో మోసుకుని కొండ దించిన వార్తలు అక్కడి నుంచి పలుమార్లు వచ్చాయి. పక్కనే అద్దాల రైలు కొండ ఎక్కుతోంది. ఒకే కొండవరుసలో ఈ రెండూ ఉన్నాయి. పర్యాటకాభివృద్ధిని సందర్శకుల సంఖ్యతో మాత్రమే కొలిస్తే రెండవ దృశ్యం లెక్కలోకి రాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
సమత తీర్పులోని రెండు ముఖ్యాంశాలను పేర్కొనండి.

7.6 సందర్శకుడి డబ్బు ఎక్కడ ఆగుతుంది?

పర్యాటక అర్థశాస్త్రంలో ‘లీకేజీ’ అనే భావన ఉంది. సందర్శకుడు ఒక ప్రాంతం పేరుతో ఖర్చుచేసిన డబ్బులో ఆ ప్రాంతంలో నిలవకుండా బయటికి పోయే భాగమే లీకేజీ. దీనిని రెండు ఊహాత్మక ప్రయాణాలతో అర్థం చేసుకుందాం.

మొదటి కుటుంబం నగరంలో కారుకు ఇంధనం పోయించుకుని, తిండి, నీళ్ళసీసాలు అక్కడే కొనుక్కుని బయలుదేరింది. బొర్రాలో టిక్కెట్టు తీసుకుని, అరకులో ఫొటోలు దిగి, రాత్రికి ఇల్లు చేరింది. లోయలో మిగిలినవి ప్రవేశ రుసుము, ఖాళీ సీసాలు. రెండవ కుటుంబం రైలులో వెళ్ళి, గిరిజన కుటుంబం నడిపే విడిదిలో ఒక రాత్రి ఉంది. స్థానిక మార్గదర్శితో కాఫీతోట చూసింది. వారపు సంతలో పసుపు, రాజ్‌మా, సహకార సంస్థ దుకాణంలో కాఫీపొడి కొన్నది. తిరుగుదారిలో శృంగవరపుకోటలో దిగి తాటిపూడి చూసింది. ఖర్చు రెండు కుటుంబాలకూ సమానమే అనుకున్నా, రెండవదానిలో ఎక్కువ భాగం స్థానికుల చేతికి చేరింది.

దీనినుంచి మూడు సూత్రాలు గ్రహించవచ్చు. మొదటిది, బస: రాత్రి ఆగిన సందర్శకుడే భోజనం, సేవలు కొంటాడు. రెండవది, విలువ జోడింపు: గింజ అమ్మే ఊరికన్నా పొడి అమ్మే ఊరికి ఎక్కువ మిగులుతుంది. మూడవది, యాజమాన్యం: భూమి, విడిది, దుకాణం ఎవరిపేరున ఉన్నాయో ఆదాయం చివరకు వారికే చేరుతుంది. భూచట్టం మూడవ సూత్రానికి రక్షణ. కాని రక్షణ ఒక్కటే చాలదు. విడిది కట్టుకోవడానికి గిరిజన యువతకు రుణం, శిక్షణ అందకపోతే చట్టం భూమిని కాపాడుతుంది, ఆదాయాన్ని మాత్రం తెచ్చిపెట్టదు.

7.7 కార్యాచరణ

మీకు దగ్గరలోని ఏదైనా కొండ లేదా జలాశయ ప్రాంతాన్ని సందర్శించి ఈ ప్రశ్నలకు సమాధానాలు సేకరించండి: ఇక్కడి నీరు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? ఇక్కడి ప్రత్యేక పంట ఏ రూపంలో ఊరు దాటుతోంది? భూమి ఎవరిది? మీరు ఖర్చుచేసిన ప్రతి రూపాయి ఎవరికి చేరింది? మాట్లాడిన వారి అనుమతి లేకుండా ఫొటోలు తీయవద్దు. సేకరించిన వివరాలను రెండు పుటలకు మించకుండా రాసి, అధ్యయన కేంద్రంలోని తరగతిలో చర్చించండి.

7.8 సారాంశం

శృంగవరపుకోట–అరకు ప్రాంతంలో కొండ, నీరు, పంట ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయి. నీడచెట్ల కింద కాఫీ పెంచే రైతు లోయకు పేరు తెస్తూనే గోస్తనీ నీటిని కాపాడుతున్నాడు. ద్రాక్షతోటల ప్రాంతాలలాగే ఇక్కడ కూడా స్థలం పేరే సరుకుకు విలువ తెస్తోంది. 1/70 చట్టం, సమత తీర్పు ఆ స్థలంపై గిరిజనుల హక్కును నిలబెట్టాయి. బస, విలువ జోడింపు, యాజమాన్యం స్థానికుల చేతిలో ఉన్నప్పుడే పర్యాటకపు ఫలితం వారికి దక్కుతుంది.

7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వరుసలలో సమాధానాలు రాయండి.
1. అరకు కాఫీ పర్యాటకాన్ని ద్రాక్షతోటల పర్యాటకంతో పోల్చి విశ్లేషించండి.
2. షెడ్యూల్డ్ ప్రాంత భూచట్టాలు పర్యాటకాభివృద్ధిని ఎలా ప్రభావితం చేస్తాయో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వరుసలలో సమాధానాలు రాయండి.
1. లీకేజీ అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి.
2. గోస్తనీ నది ప్రవాహమార్గాన్ని, దాని ప్రయోజనాలను తెలపండి.
3. శృంగవరపుకోటలో సందర్శకులు ఆగేలా చేయడానికి మీరు ఏం సూచిస్తారు?