గార్ల దాకా వచ్చిన ఇంటర్నెట్

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సదుపాయం కల్పించింది. అప్పట్లో అది బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు వంటి మహానగరాల ముచ్చట. టెలిఫోన్ తీగ మీద సెకనుకు 9.6 కిలోబిట్ల వేగంతో అక్షరాలు నత్తనడకన వచ్చేవి. గార్ల వంటి ఊళ్ళకు అది పత్రికల్లో చదువుకునే వింత మాత్రమే. ఇవాళ అదే గార్ల బజారులో కూరగాయల బండి మీద కూడా చెల్లింపుల చతురస్రం అతికించి కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు.

గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్ళకు ఈ మార్పు విలువ బాగా తెలుసు. ఒకప్పుడు ఉత్తరం, లేదా ఎవరైనా వస్తూ తెచ్చే క్యాసెట్‌లో గొంతు. తర్వాత ఎస్.టి.డి. బూత్‌లో మీటరు చూస్తూ నాలుగు మాటలు. సౌదీలో ఇంటర్నెట్ కాల్స్‌పై ఉన్న నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తివేశారు. అక్కడున్న తండ్రి ఇక్కడ బిడ్డ తొలి అడుగులు కళ్ళారా చూడగలిగాడు.

కార్యాలయాల పని మాత్రం అంత తేలిక కాలేదు. 2016 అక్టోబరులో గార్ల ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. దారి మారింది సరే, అసలు దరఖాస్తులే కంప్యూటర్‌లోకి వెళ్ళాయి. షాదీ ముబారక్ సంగతే చూడండి. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైన ఈ సాయం 2018లో 1,00,116కు పెరిగింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మహమ్మద్ అనే ఒక్క పేరునే ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో! బడిలో మాస్టారు ఒకలా రాస్తారు, రేషన్ కార్డులో ‘ఎండీ’ అని కుదిస్తారు. ఆధార్‌లో ముందున్న ‘షేక్’ బ్యాంకులో వెనక్కి పోతుంది. తల్లి ఒకచోట బీ, మరోచోట బేగం. గుమాస్తా అయితే మనిషిని చూసి ‘అమ్మా, నువ్వేగా’ అని సర్దుకునేవాడు. యంత్రానికి ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇద్దరు మనుషులే. ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు సాధారణంగా రెండుసార్లే ఉంటుంది. కనుక పెళ్ళి ఖాయమయ్యాక పరుగెత్తడం కంటే, పిల్లను బడిలో చేర్చేనాడే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మేలు.

మరో ఇబ్బంది ఓటీపీ. నంబరు యజమానిది, ఆయన ఉన్నది రియాద్‌లో. ఇక్కడ మీసేవలో ఇల్లాలు ఎదురుచూడాలి. ఇంటికి ఒకే ఫోను, అది మగవారి జేబులో ఉండటం మనం మామూలుగా తీసుకుంటాం. 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం పాఠాలను టీశాట్, దూరదర్శన్‌లలో ప్రసారం చేసింది. అందరి ఇళ్ళలో ఫోను ఉంటే ఆ అవసరమేముంది? ఆడవారి పేరిట ఒక నంబరు ఉండటం ఇప్పుడు విలాసం కాదు.

ఇకముందు టైపు చేయడం తగ్గి, మాట్లాడితే పని జరిగే రోజులు వస్తున్నాయి. 2022లో కేంద్రం ప్రారంభించిన ‘భాషిణి’ భాషల్లో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బజారులో తెలుగు మాట్లాడి, ఒకే వాక్యంలో రెండూ కలిపే మన నానమ్మల మాట దానికి ఎంతవరకు అర్థమవుతుందో చూడాలి మరి!

అయితే గొంతును అనుకరించే విద్య కూడా యంత్రాలకు అబ్బింది. పరదేశంలో ఉన్న కొడుకు గొంతుతో ‘అమ్మీ, అర్జంటుగా డబ్బు పంపు’ అని కొత్త నంబరు నుంచి ఫోను వస్తే, పెట్టేసి, పాత నంబరుకు మీరే చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఆ నంబరును ఇంటి గోడ మీది క్యాలెండరు పక్కనే రాసి ఉంచండి.