పాత పికప్ ట్రక్కులలో బాడీ తుప్పు

పికప్ ట్రక్కు యొక్క క్యాబిన్, తలుపులు, వెనుక తొట్టి మొదలగు ఉక్కు రేకు భాగములకు పట్టు తుప్పును బాడీ తుప్పు అందురు. అమెరికాలో మిచిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ తదితర మంచు రాష్ట్రములలో ఇది పాత బండ్లకు సర్వసాధారణ సమస్య. ఈ ప్రాంతమునకు "సాల్ట్ బెల్ట్" అను వాడుక పేరు కలదు.

కారణములు

ఇనుము నీటితోను, ఆక్సిజన్‌తోను కలిసి ఆర్ద్ర ఐరన్ ఆక్సైడుగా మారుటయే తుప్పు. శీతాకాలములో రోడ్లపై మంచు కరుగుటకు సోడియం క్లోరైడు, కాల్షియం క్లోరైడు వంటి లవణములు చల్లుదురు. ఉప్పునీటికి విద్యుద్వాహకత ఎక్కువ కనుక తుప్పు త్వరగా వ్యాపించును. సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి వలన కూడ ఇదే జరుగును.

చక్రముల పైనున్న వంపులు, తలుపుల క్రింది గడప పట్టీలు, క్యాబిన్ వెనుక మూలలు, తొట్టి తలుపు అడుగుభాగము ముందుగా దెబ్బతినును. వీటి లోపలి బోలులో బురద చేరి, నీరు పోవు రంధ్రములు మూసుకుపోవుటయే ఇందుకు మూలము. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును కనుక పైనున్న రంగు ఉబ్బును. పలుచోట్ల తుప్పు లోపలి నుండి బయటకు వచ్చును. అట్టిచోట బయట చిన్న బుడగ కనబడు నాటికే లోపలి రేకు చాలవరకు తినివేయబడి ఉండును.

పరీక్ష

అనుమానమున్నచోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడవలెను. మొన దిగినచో అది పైపై తుప్పు కాదు. పాత బండి కొనువారు రంగు నిగనిగలను చూచి మోసపోరాదు. బాడీ కంటె క్రిందనున్న చట్రము, బ్రేకు గొట్టములు ముఖ్యము. అవి చివికినచో ప్రాణాపాయము. 1995-2000 నమూనాల టకోమా పికప్‌ల చట్రములకు టొయోటా సంస్థ 2008లో అమెరికాలో తుప్పు హామీని 15 సంవత్సరములకు పొడిగించి, మరీ పాడైన బండ్లను తిరిగి కొనుగోలు చేసినది.

మరమ్మత్తు

పైపై తుప్పును తీగ బ్రష్షుతోను, 80 నంబరు ఉప్పుకాగితముతోను మెరిసే లోహము వచ్చువరకు రుద్దవలెను (పేరులో ఉప్పు ఉన్నను ఈ కాగితములో ఉప్పు లేదు). గుంటలలో మిగిలినదానికి టానిక్ ఆమ్లము లేదా ఫాస్ఫారిక్ ఆమ్లము గల తుప్పు మార్పిడి ద్రావణము పూయుదురు. శుభ్రపరచిన ఉక్కు గాలి తేమకే మరల తుప్పు పట్టును గావున ఆలస్యము చేయక ఎపాక్సీ ప్రైమరు, తరువాత రంగు వేయవలెను. సాధారణ ప్రైమరు నీటిని ఆపదు. దానితోనే వదలివేయుట పొరపాటు.

రంధ్రము పడినచోట లప్పము పెట్టి మూయుట చాలామంది చేయు పని. చౌకయే గాని, వెనుకనున్న తుప్పు ఆగదు, లప్పము తేమను పీల్చును, కొంతకాలమునకు పెచ్చులూడును. సరియైన పద్ధతి చివికిన రేకును గట్టి లోహము వరకు కోసి, క్రొత్త రేకును వెల్డింగు చేయుట. పలుచని రేకు వేడికి వంకరపోవును గనుక దూరదూరముగా చుక్కలు వేయుచు, మధ్యలో చల్లారనిచ్చి పూర్తిచేయుదురు. ముందుగా బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. ఇంధన గొట్టముల దగ్గర నిప్పు జాగ్రత్త అవసరము. జింకు పూత గల రేకును వెల్డు చేయునపుడు వెలువడు పొగ జ్వరము కలిగించును కనుక ఆ పూతను ముందే గీకివేయవలెను. అతుకు పూర్తయిన పిదప లోపలి బోలులో మైనపు ద్రావణము చిమ్మనిచో తుప్పు వెనుకవైపు నుండి మరల మొదలగును.

నివారణ

శీతాకాలమంతయు బండి అడుగుభాగమును నీటితో కడుగుట, నీటి రంధ్రములను తెరచి ఉంచుట ముఖ్యము. ఫోర్డు సంస్థ 2015 నమూనా ఎఫ్-150 నుండి బాడీని అల్యూమినియం మిశ్రమలోహముతో చేయుచున్నది. దానికి ఎర్ర తుప్పు పట్టదు గాని, చట్రము మాత్రము ఉక్కుదే.