బడికి రాలేని బిడ్డకు ఇంటిచదువు: ఆటలు, వీడియో పాఠములు

బడియీడు పిల్లల లెక్క తీయునపుడు ప్రతి పంచాయతీ సభ్యునకు తన వార్డులోని యిండ్లన్నియు తెలిసినట్లే యుండును. అయినను ఏదో ఒక యింట ఒక బిడ్డ లెక్కకు రాక మిగిలిపోవుచుండును. కాళ్లుచేతులు స్వాధీనములో లేనివాడు, ఆనుకొననిదే కూర్చుండలేనిది, ఎనిమిదేండ్లు వచ్చినను మాట రానిది, పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడనివాడు. అడిగినచో తల్లి "వాడికి చదువెందుకులే అయ్యా" యనును. లెక్క వ్రాయువారును సరే యని పై యింటికి సాగిపోదురు. మేమీ వ్యాసమున ప్రస్తావింపదలచినది ఆ బిడ్డను గురించియే.

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల ప్రతి బిడ్డకును అది వర్తించును. 2012లో ఆ చట్టమునకు చేసిన సవరణ ప్రకారము తీవ్రమైన వైకల్యము గాని, ఒకటికి మించిన వైకల్యములు గాని గల బిడ్డ ఇంటివద్దనే విద్యను పొందుటకు ఎంచుకొనవచ్చును. ఇచ్చట "ఎంచుకొనవచ్చును" అను మాటను సభ్యులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఎంపిక బిడ్డది, తల్లిదండ్రులది. "మీవాడిని ఇంట్లోనే ఉంచుకోండి" యని తిప్పి పంపుటకు బడివారికి ఆ సవరణ అధికారమీయలేదు. బడికి రాగలిగిన బిడ్డకు బడియే చోటు. వాకిట మెట్లున్నచో వాలుదారి కట్టవలెను గాని, మెట్లను చూపి బిడ్డను ఇంటికి పంపరాదు.

ఇంటివద్ద విద్య యనగా ఇంటివారే పడవలసిన పాటు అని కొందరు భావింతురు. అదియు సరికాదు. సమగ్ర శిక్ష పథకము క్రింద మన తెలుగు రాష్ట్రములు రెండింటను భవిత కేంద్రములు నడచుచున్నవి. బడికి రాలేని పిల్లల యిండ్లకు పోయి నేర్పుట, తల్లిదండ్రులకు మెలకువలు చూపుట అందలి ప్రత్యేక ఉపాధ్యాయుల విధులలోనివి. అయితే ఉపాధ్యాయుడు వచ్చునది అప్పుడప్పుడు, ఉండునది కొలదిసేపు. మిగిలిన దినములన్నియు తల్లివి, నాయనమ్మవి, బడినుండి తిరిగివచ్చిన అన్నదమ్ములవి. ఆ దినములను నింపునవి ఆటలు. ఈ కాలమున వానికి తోడైనవి వీడియో పాఠములు. ఈ రెంటిని సరిగా వాడినచో బిడ్డ నేర్చును. సరిగా వాడనిచో ఒకటి పిల్లవానిని విసిగించును, రెండవది వానిని మత్తులో పడవేయును.

ఆటవస్తువులతో చదువు చెప్పుట తేలిక రకపు చదువని చులకనగా తలచువారు కొందరు గలరు. వారు ఒక సంగతి తెలిసికొనదగును. నేడు పట్టణములలో వేలకు వేలు రుసుము తీసికొను శిశువిద్యాలయములలో కనిపించు చెక్కదిమ్మెలు, తొడుగుడు కడ్డీలు, గరుకు అక్షరముల పలకలు మొదట ఎవరికొరకు పుట్టినవి? 19వ శతాబ్దమున ఎడ్వార్డ్ సెగాన్ అను ఫ్రెంచి వైద్యుడు బుద్ధిమాంద్యము గల పిల్లలకై అటువంటి సాధనములను కల్పించెను. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి వానిని అట్టి పిల్లలతోడనే వాడి చూచి, 1907లో రోము నగరమున పేద కార్మికుల బిడ్డలకై తెరచిన శిశుగృహములో సామాన్య బాలలకును వర్తింపజేసెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మనవారికి శిక్షణ యిచ్చెను. కనుక ఈ సాధనములు బడికి రాలేని బిడ్డకు మనము చేయు దానము కాదు. వాని పేర పుట్టిన సొత్తే వానికి తిరిగి చేరుచున్నది.

వామనగుంటలు మొదలు పులిజూదము వరకు

ఖరీదైన సామగ్రి అక్కరలేదు. వామనగుంటల పీటయే చూడుడు. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. చింతగింజను బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పట్టి తీయుట చేతికి సాధన. గుంటకొకటి చొప్పున వేసికొనుచు పోవుట లెక్కకు మొదటి మెట్టు. "ఒకటి, రెండు" అని వల్లించు పిల్లలలో పలువురకు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వస్తువు అను సంబంధము చాలకాలము పట్టుబడదు. గుంట దానిని కంటికి, వ్రేలికి తెలియజేయును. చూపులేని బిడ్డ తడవి ఆడుకొనగలడు. వ్రేళ్లు ముడుచుకొనని బిడ్డకు గింజల స్థానమున నిమ్మకాయలు, పీటకు బదులు కోడిగ్రుడ్ల అట్ట పెట్టవచ్చును. ఒక హెచ్చరిక మాత్రము మరువరాదు. ప్రతి వస్తువును నోట పెట్టుకొను బిడ్డకు గింజలు, పూసలు, గోళీలు ఈయరాదు. గొంతున అడ్డుపడి ప్రాణాపాయము కలుగును.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు. వెల్లకిల పడినవాని సంఖ్యయే పందెము. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. అన్నియు బోర్లపడిన అష్ట, అనగా ఎనిమిది. ఇందు అంకెలు చదువ నక్కరలేదు, చూచి లెక్కించుటయే. అంతకంటె గొప్ప పాఠము తన వంతు వచ్చువరకు ఆగుట. మాటలాడని, ఎవరితోను కలియని పిల్లవానికి "ఇపుడు నీవు, తరువాత నేను" అనునది తెలియుట సామాన్య విషయము కాదు. సంభాషణయు వంతుల ఆటయే గదా. గవ్వలు విసరలేనిచో వానిని గిన్నెలో వేసి కదపనిచ్చినను చాలును.

కాళ్లుచేతులు కదలకున్నను బుద్ధి చురుకుగా నుండు పిల్లలు గలరు. సెరిబ్రల్ పాల్సీ గలవారిలో అట్టివారు ఎందరో యున్నారు. మాట స్పష్టముగా రానందున లోకులు వారిని తెలివిలేనివారిగా ఎంచుదురు. మేము చూచిన ఒక యింట తాత, మనుమడు పులిజూదమాడుచుండిరి. మూడు పులులు, పదునైదు మేకలు. పటములోని ప్రతి చోటునకు తాత సుద్దముక్కతో అంకె వేసియుంచెను. ఆయన వ్రేలితో ఒక్కొక్క అంకెను చూపుచుండగా, తనకు కావలసినచోట మనుమడు కన్ను మూసి తెరచును. కాయను తాత జరుపును. మేమున్నంతసేపటిలో రెండు పర్యాయములు మనుమడే తాత పులులను కట్టివేసెను. ఆ బిడ్డకు చదువు రాదని అంతకుముందు పలువురు తీర్మానించియుండిరి.

బొమ్మలు కొనదలచినవారికి ఏటికొప్పాక లక్కబొమ్మలు ఎన్నదగినవి. అంకుడుకర్రతో చేసి, చెట్టుచేమలనుండి తీసిన రంగులు వేయు ఆ పనితనమునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొనలేనివారికి పాతగాజులు, కర్రపుల్ల, మూతలు, గుడ్డముక్కలు చాలును. ఏ ఆటనైనను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, మొదట బిడ్డ చేతిక్రింద మన చేయి వేసి చేయించి, క్రమముగా సాయము తగ్గించుచు రావలెను. పది నిమిషములు చాలును, కాని ప్రతిదినము. సికిందరాబాదులోని మనోవికాస్ నగరున 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లల తల్లిదండ్రులకై ఇట్టి మార్గదర్శక పుస్తకములను వెలువరించినది. భవిత ఉపాధ్యాయునిద్వారా వానిని అడిగి తెలిసికొనవచ్చును.

తెరమీది పాఠము

తెరపై పాఠము మన పల్లెలకు క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహముద్వారా బోధనా టెలివిజను ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ కార్యక్రమములు తెలుగులో వచ్చెడివి. నాడు ఊరికంతకు ఒక పెట్టె. నేడు చేతికొక తెర. అందువలన సౌకర్యము పెరిగినది, ప్రక్కన కూర్చుండి వివరించువారు తగ్గిరి. మా అభిప్రాయమున నేటి చిక్కంతయు అచ్చటనే యున్నది.

వినికిడి లేని పిల్లలకు వీడియో నిజముగా వరము. భారతీయ సంజ్ఞాభాషలో 10,000 పదముల నిఘంటువు 2021లో వెలువడినది. పదమునకొక చిన్న వీడియో గలదు. పి.ఎమ్. ఈ-విద్య క్రింద 31వ నంబరు ఛానెలును 2024 డిసెంబరులో సంజ్ఞాభాషకే ప్రత్యేకించి ప్రారంభించిరి. అయితే బిడ్డ యొక్కడే సంజ్ఞలు నేర్చినచో ఇంట ఎవరితో మాటలాడును? తల్లి, తోబుట్టువులు, వీలైన ప్రక్కింటి పిల్లలును కూడ చూడవలెను. రోజునకు ఐదు పదములు చాలును. "నీళ్లు" అను సంజ్ఞను చూచిన వెంటనే చెంబుతో నీళ్లిచ్చి ఆ సంజ్ఞ చేయవలెను.

ఆటిజము గల పిల్లలకు మరియొక పద్ధతి గలదు. అన్న చేతులు కడుగుకొనుటను, చొక్కా తొడుగుకొనుటను తల్లియే తన ఫోనులో ఒక నిమిషము చిత్రించి, పలుమారులు చూపి, వెంటనే బిడ్డచే ఆ పని చేయించును. అందు రంగులు లేవు, సంగీతము లేదు, ఖర్చును లేదు. ఎరుగనివారి బొమ్మలకంటె తన పెరటిలోని కుళాయియే అట్టి బిడ్డకు బాగుగా అర్థమగును.

ఇక ఫోను చేతికిచ్చి అన్నము తినిపించుట, ఏడ్పు మాన్పుట పలుయిండ్లలో చూచుచున్నాము. పొలమునుండి అలసివచ్చిన తల్లిని తప్పుపట్టుట మాకిష్టము లేదు. కాని దానిని చదువని పిలువరాదు. ఇంచుమించు మూడేండ్లలోపు పిల్లలు తెరనుండి నేర్చుకొనునది ఎదుటి మనిషినుండి నేర్చుకొను దానికంటె మిక్కిలి తక్కువ. రెండేండ్లలోపు వారికి తెర తగదనియు, 2 నుండి 5 ఏండ్లవారికి గంట దాటరాదనియు, 5 నుండి 10 ఏండ్లవారికి రెండు గంటలలోపే యుండవలెననియు భారత శిశువైద్యుల సంఘము 2021లో సూచించినది. మూర్ఛవ్యాధి గల పిల్లలలో కొందరికి మినుకుమినుకుమను వెలుగులవలన మూర్ఛ రావచ్చును. అట్టివారికి తెర చూపుటకు ముందు వైద్యుని అడుగవలెను. విద్యావిషయక ఆటలని పేరుపెట్టి నడుమనడుమ వ్యాపారప్రకటనలు చూపు యాపులు అనేకము గలవు. అట్టివానిని పరిహరింపవలెను.

పంచాయతీ చేయదగినది

విద్యాహక్కు చట్టము 9వ విభాగము ప్రకారము తన పరిధిలో 14 ఏండ్లలోపు బాలల వివరముల నమోదును నిర్వహించుట స్థానిక సంస్థల విధి. గ్రామములలో స్థానిక సంస్థ పంచాయతీయే. కనుక లెక్క తీయునపుడు "మీ యింట బడికి పోవువారెందరు" అని గాక, "మీ యింట పిల్లలెందరు" అని అడుగవలెను. ఆ బిడ్డ పేరు బడి పట్టికలో నున్నదా, వైకల్య ధ్రువపత్రము వచ్చినదా, ప్రత్యేక ఉపాధ్యాయుడు కడపటిసారి ఎన్నడు వచ్చెను అను మూడు ప్రశ్నలు చాలును. మూడవదానికి పలుచోట్ల జవాబు దొరకకపోవచ్చును. అపుడు మండల విద్యాశాఖాధికారికి వ్రాయుట సభ్యుని పని. బాలల స్నేహపూర్వక గ్రామము అనునది గ్రామాభివృద్ధి ప్రణాళికలోని తొమ్మిది ఇతివృత్తములలో ఒకటి. ఆ ఇతివృత్తము చర్చకు వచ్చినపుడు ఈ బిడ్డల పేర్లును చర్చకు రావలెను. సెలవుదినములలో తోటిపిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ యింటికి పోయి ఆడుకొనునట్లు ప్రధానోపాధ్యాయునితో మాటలాడుటకు పైసా ఖర్చు లేదు. తల్లికి ఆ గంటసేపు విశ్రాంతియు దొరకును.

పట్టికలో వ్రాయునపుడు "చదువు లేదు" అని గాని, "ఇంటివద్ద" అని గాని వ్రాసి విడువరాదు. "ఇంటివద్ద విద్య" అని వ్రాసి, ఉపాధ్యాయుడు వచ్చిన తేదీని, ప్రస్తుతము నేర్చుకొనుచున్న పనిని, తిరిగి బడికి పంపుటను గురించి తల్లిదండ్రులతో మాటలాడవలసిన తేదీని ఎదురుగా వేయవలెను. ఆ కడపటి గడిని ఖాళీగా వదలరాదు. నడువలేని బిడ్డకు మూడుచక్రముల బండి వచ్చుటతోనో, వినికిడి యంత్రము అమరుటతోనో మరునెలలోనే బడి అందుబాటులోనికి రావచ్చును.