పాటకీ ఫ్యాన్‌కీ మధ్య హీరో

2023 డిసెంబరు. మహేశ్‌బాబు సినిమా ‘గుంటూరు కారం’ నుంచి రెండో పాట ‘ఓ మై బేబీ’ బయటికొచ్చీ రాగానే ఎక్స్‌లో తిట్ల వాన మొదలైంది. ట్యూన్ తేలిపోయిందని కొందరు, సాహిత్యం మహేశ్‌బాబు స్థాయిలో లేదని కొందరు. పాట రాసిన రామజోగయ్యశాస్త్రి ఊరుకోలేదు, ఘాటుగానే బదులిచ్చారు. నిర్మాత నాగవంశీ కూడా దిగారు. దాంతో గొడవ సద్దుమణగకపోగా ఇంకాస్త ముదిరింది. చివరికి శాస్త్రి తన ఎక్స్ ఖాతానే మూసేసుకున్నారు.

నెల తిరగలేదు. అదే సినిమా, అదే సంగీత దర్శకుడు తమన్, అదే రామజోగయ్యశాస్త్రి. ఈసారి ‘కుర్చీ మడతపెట్టి’. యూట్యూబ్ ఇంటర్వ్యూలో ఓ పెద్దాయన విసిరిన మాట అది. మీమ్స్‌లో నలిగి నలిగి ఊరూవాడా తిరిగి, ఆఖరికి మహేశ్‌బాబు పాటలోకి ఎక్కింది. సాహితి చాగంటి, శ్రీకృష్ణ గొంతుల్లో అది ఎంత దూరం వెళ్లిందంటే, తెలుగు ముక్క రానివాళ్లు కూడా ఆ స్టెప్పులేసి రీల్స్ పెట్టారు. మొన్నటిదాకా చీవాట్లు పెట్టిన టైమ్‌లైన్లు జేజేలు పలికాయి. మీమ్ పుట్టించింది జనం, దాన్ని పాటగా వాడుకుంది సంగీత దర్శకుడు, తిరిగి రీల్‌గా మార్చింది మళ్లీ జనమే.

ఇక్కడో చిక్కుంది. టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ కోసం ఎదురుచూసేవాళ్లు టేలర్ స్విఫ్ట్ అభిమానులే. తమన్ పాట కోసం ముందుగా క్యూ కట్టేది మాత్రం ఆ సినిమా హీరో అభిమానులు. ప్రొఫైల్ ఫొటోలో హీరో, ట్యాగ్‌లో సంగీత దర్శకుడు. ‘అన్నా, అప్‌డేట్ ఎప్పుడు?’ అని అడిగేవాడికి రాగంతో పనిలేదు, పక్క హీరో పాట రికార్డు దాటామా లేదా అన్నదే లెక్క. తొలి 24 గంటల్లో వ్యూస్ ఎన్ని, లైక్స్ ఎన్ని అంటూ పోస్టర్లు వేసేదీ ఇందుకే. పాట నచ్చితే హీరో గొప్ప, నచ్చకపోతే సంగీత దర్శకుడి ద్రోహం!

యూట్యూబ్‌లో పాట వీడియో ఉండే చోటు కూడా పాట చేసినవాళ్లది కాదు. సినిమా పాట హక్కులు కొనేది ఆడియో కంపెనీ. లిరికల్ వీడియో ఆదిత్య మ్యూజిక్ ఛానల్లోనో, లహరి ఛానల్లోనో వస్తుంది. కింద లక్షల కామెంట్లు, సబ్‌స్క్రైబర్లు, వ్యూస్ మీద వచ్చే డబ్బు అన్నీ ఆ ఖాతాకే. గాయనీ గాయకులు దాని లింకు తీసుకుని తమ ఇన్‌స్టాలో పెట్టుకోవాల్సిందే. వెనకటి రోజుల్లో వివిధభారతి జనరంజనికి కార్డు ముక్క రాసిన శ్రోతకీ గాయకుడికీ మధ్య అనౌన్సర్ ఉండేవారు. ఇప్పుడు ఆ స్థానంలో కంపెనీ ఛానల్, అభిమాన సంఘం వచ్చి కూర్చున్నాయి. కాకపోతే అనౌన్సర్ తిట్లు చదివి వినిపించేవారు కాదు.

ఆస్కార్ వేదిక మీద పాడొచ్చిన గాయకుడు కాలభైరవకీ హీరోల అభిమానుల నుంచి తిట్లు తప్పలేదు. 2023 మార్చిలో రాహుల్ సిప్లిగంజ్‌తో కలిసి అక్కడ ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాడాక, తనకా అవకాశం రావడానికి కారణమైనవాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ ఓ నోట్ పోస్ట్ చేశారు. రాజమౌళి, కీరవాణి, ప్రేమ్ రక్షిత్ లాంటి పేర్లున్నాయి. ఎన్టీఆర్, రామ్‌చరణ్ పేర్లు లేవు. అంతే, ఇద్దరు హీరోల అభిమానులూ ఒక్కటయ్యారు. మామూలుగా ఒకరి మీద ఒకరు పడే ఈ రెండు వర్గాలనీ కలిపిన ఘనత కాలభైరవకి దక్కిందనుకోవాలి. సినిమా విజయానికి, పాట విజయానికి తారక్ (ఎన్టీఆర్) అన్న, చరణ్ అన్నే కారణమని, తాను మాట్లాడింది వేదిక మీదకి చేరడానికి సాయం చేసినవాళ్ల గురించి మాత్రమేనని వివరణ ఇచ్చి, క్షమాపణ చెప్పారాయన. 2025 జనవరిలో ‘డాకు మహారాజ్’ విజయోత్సవంలో ట్రోలింగ్ గురించి తమన్ ఆవేదనగా మాట్లాడితే, చిరంజీవి ఎక్స్‌లో స్పందించారు. అక్కడా ఊరడింపు ఓ హీరో నుంచే రావాల్సి వచ్చింది.

ఏ హీరో అడ్డం లేకుండా శ్రోతలతో నేరుగా మాట్లాడగలిగింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఆయన స్వరపరచిన పాటలు పాడొద్దని దాని సారాంశం. బాలు ప్రెస్‌మీట్ పెట్టలేదు. ఫేస్‌బుక్‌లో రాశారు. ఈ చట్టం సంగతి తనకి తెలియదని, చట్టమైతే పాటించాల్సిందేనని, దేవుడి దయవల్ల వేరే సంగీత దర్శకుల పాటలూ చాలానే పాడానని, వాటితో కచేరీ నడుస్తుందని. దీని మీద దురుసు చర్చలు వద్దని కూడా అభిమానుల్ని కోరారు. చర్చలు ఆగలేదనుకోండి. కానీ గాయకుడు శ్రోతలతో ‘మీరు గొడవపడకండి’ అని తానే చెప్పుకోవడం వేరు, పేపర్లో చదవడం వేరు. 2019 జూన్‌లో ఇళయరాజా పుట్టినరోజు కచేరీలో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికెక్కారు.

2020 ఆగస్టు 5న ఆస్పత్రి నుంచి బాలు స్వయంగా ఫేస్‌బుక్ వీడియోలో కనిపించారు. స్వల్పంగా కొవిడ్ సోకిందని, కంగారు పడొద్దని, ఫోన్లు చేయొద్దని, విశ్రాంతి తీసుకోవడానికే చేరానని చెప్పారు. ఆ తర్వాత కొడుకు ఎస్పీ చరణ్ వీడియోలు పెడుతూ వచ్చారు. బాలూ త్వరగా రా అంటూ ఇళయరాజా వీడియో పెట్టారు. ఆగస్టు 20 సాయంత్రం 6 గంటలకు ఎక్కడివాళ్లక్కడ బాలు పాటలు పెట్టి ప్రార్థించారు. సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసేదాకా, ఒక గాయకుడి ఆక్సిజన్ సంగతి ఇంటి మనిషి సంగతిలా లక్షలమంది కనుక్కుంటూనే ఉన్నారు. ఈ దగ్గరితనం ఫ్యాన్ వార్‌లో దొరికేది కాదు.

శ్రోతే గాయని అయిన కథా ఉంది. తూర్పుగోదావరి జిల్లా వడిశలేరులో పొలం పనులకెళ్లే పసల బేబి, ‘ప్రేమికుడు’లోని ‘ఓ చెలియా’ పాడిన వీడియో 2018లో ఫోన్లన్నీ చుట్టేసింది. ఆ పాట కట్టిన ఏఆర్ రెహమాన్ కూడా దాన్ని షేర్ చేశారు. సంగీత దర్శకుడు రఘు కుంచె పిలిచి పాడించారు. ‘పలాస 1978’లో బాలుతో కలిసి పాడే అవకాశమూ దక్కింది. స్టూడియో గుమ్మం దాకా వెళ్లడానికి ఆమెకి ఎవరి సిఫార్సూ అక్కర్లేకపోయింది.

జానపదంలో ఈ దారి ఇంకా విశాలం. మంగ్లీ బతుకమ్మ, బోనాల పాటలతో యూట్యూబ్‌లో సొంత శ్రోతల్ని కూడగట్టుకున్నాకే సినిమా పెద్ద పాటలు వచ్చాయి. ఆమె పాడిన ‘సారంగ దరియా’ 2021లో ‘లవ్ స్టోరీ’ కోసం విడుదలవగానే హోరెత్తింది. ఆ వెంటే, ఈ పాటను ఊళ్లలోంచి సేకరించి టీవీలో ముందే పాడింది తానంటూ జానపద గాయని కోమల ముందుకొచ్చారు. ‘రేలా రె రేలా’ టీవీ కార్యక్రమంలో ఆమె పాడిన పాత క్లిప్పింగులు బయటికి తీసి పంచింది శ్రోతలే. సినిమా కోసం పాట రాసిన సుద్దాల అశోక్‌తేజని ప్రశ్నలతో ముంచెత్తారు, కొన్ని హద్దు మీరాయి కూడా. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఫేస్‌బుక్‌లోనే వివరణ ఇచ్చి, కోమలకి క్రెడిట్‌తో పాటు పారితోషికం ఇస్తామని ప్రకటించారు.