కాలనీలు పక్కపక్కనే.. దారులే కలవవు!

హైదరాబాద్: నగర శివార్లలో తరచుగా కనిపించే దృశ్యమిది. నలభై అడుగుల సిమెంటు రోడ్డు తిన్నగా సాగి, ఉన్నట్టుండి ఒక ప్రహరీకి తగిలి ఆగిపోతుంది. గోడకు అవతల దాదాపు అదే వెడల్పుతో మరో కాలనీ రోడ్డు మొదలవుతుంది. ఇవతల ఉండే పిల్లలకు అవతలి బడి కూతవేటు దూరమే. అక్కడికి చేరాలంటే మాత్రం ప్రధాన రహదారి మీదికి వచ్చి, యూటర్న్ తీసుకుని, వేరే సందులోంచి లోపలికి వెళ్లాలి. మూడు వందల మీటర్ల దూరానికి రెండు కిలోమీటర్ల ప్రయాణం తప్పదు.

ట్రాఫిక్ కష్టాలనగానే రోడ్ల వెడల్పు, ఫ్లైఓవర్ల గురించే చర్చ సాగుతుంది. లోపలి వీధులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నది పెద్దగా ఎవరికీ పట్టడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పాసు పుస్తకం హద్దే రోడ్డుకూ హద్దు

శివారు గ్రామాల్లో పొలాలు ఒక్కసారిగా ప్లాట్లు కావు. ఒక రైతు నాలుగెకరాలు అమ్ముతాడు. పక్క రైతు ఐదేళ్ల తర్వాత ఆరెకరాలు అమ్ముతాడు. కొన్న వ్యాపారి తనకు దక్కిన సర్వే నంబరు మేరకే వెంచరు గీస్తాడు. వీలైనన్ని ఎక్కువ ప్లాట్లు తీయడమే అతని లెక్క. పక్క భూమికి దారి వదిలితే తన గజాలు తగ్గుతాయి. అందుకే రోడ్డు హద్దు రాయి దగ్గరే ఆగుతుంది. తర్వాత వచ్చే వెంచరుకు దానితో పని ఉండదు. అది ప్రధాన రహదారికి తన దారి తాను వెతుక్కుంటుంది.

పాత ఊళ్లకు దారులు లేవనుకుంటే పొరపాటు. పొలాలకు వెళ్లే బండ్ల బాటలు, ఊరికీ ఊరికీ మధ్య డొంకలు గ్రామ నక్షాల్లో స్పష్టంగా గీసి ఉంటాయి. వాటిని వెడల్పు చేసి ఉంటే చాలాచోట్ల సిద్ధమైన లింకు రోడ్లు దొరికేవి. కొన్ని నక్షా బాటలు వెంచర్లలో కలిసిపోయాయి, మరికొన్నింటి మీద గోడలు లేచాయి.

అయిదు వందల ఇళ్లు.. ఒకటే మార్గం

లెక్క సులభమే. అయిదు వందల ఇళ్లున్న కాలనీకి నాలుగు వైపులా దారులుంటే ఉదయం బయల్దేరే వాహనాలు నాలుగుగా చీలిపోతాయి. ఒక్కటే దారి ఉంటే అన్నీ ఒకే మలుపులో చిక్కుకుంటాయి. అలాంటి పది కాలనీల భారం ఒకే రహదారి మీద పడితే దాన్ని ఎంత వెడల్పు చేసినా చాలదు. అక్కడ పైపులైను కోసం గుంత తవ్వినా, లారీ ఆగినా, అంబులెన్సుకు ప్రత్యామ్నాయ మార్గం ఉండదు. బస్సు లోపలికి రాదు. స్టాపు దాకా నడిచే దూరం పెరిగేసరికి ఇంటికో స్కూటరు, ఆపై కారు తప్పనిసరి అవుతాయి.

నిజాంపేట ఇందుకు మంచి ఉదాహరణ. 2019లో నగరపాలక సంస్థ అయ్యేవరకూ అది గ్రామ పంచాయతీయే. జాతీయ రహదారి మీది క్రాస్‌రోడ్స్ నుంచి బాచుపల్లి వైపు వెళ్లే రోడ్డుకు రెండువైపులా అపార్టుమెంట్లు కిక్కిరిశాయి. ఎటు నుంచి వచ్చినా చివరకు ఆ రోడ్డే దిక్కు. దానికి సమీపంలోనే ఉన్న కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీని ప్రభుత్వ సంస్థ ప్రణాళిక ప్రకారం గీసింది. వీధులకు నంబర్లున్నాయి, చాలావరకు ఒకదానితో ఒకటి కలుస్తాయి. అక్కడా రద్దీ లేదని కాదు. హాస్టళ్లు, దుకాణాలు పెరిగి వీధులు నిండిపోయాయి. అయినా ఒక వీధి మూసుకుపోతే పక్క వీధి ఉంది.

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన సమస్య కాదు. కూడళ్లలో ఎన్ని వీధులు కలుస్తున్నాయి, ఎన్ని మధ్యలో ఆగిపోతున్నాయి అన్న కొలమానంతో బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు నగరాల విస్తరణను లెక్కగట్టారు. అమెరికాలో ఈ ధోరణి 1994 ప్రాంతంలో పతాక స్థాయికి చేరి ఆ తర్వాత తగ్గిందని 2015లో తేల్చారు. 2020లో ప్రపంచ నగరాలను పరిశీలించినప్పుడు మాత్రం వీధులు విడివడే ధోరణి పెరుగుతోందని గుర్తించారు. అక్కడ తగ్గుముఖం పట్టిన జబ్బును ఇక్కడ గేటెడ్ కమ్యూనిటీ పేరిట ఎక్కువ ధరకు కొనుక్కుంటున్నారు.

గోడ కట్టే హక్కు ఎవరిది?

అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆపై అవి ప్రజల ఆస్తి. వాటికి అడ్డంగా గోడ కట్టే అధికారం వ్యాపారికి గానీ, నివాసుల సంఘానికి గానీ లేదు. పెద్ద గృహ సముదాయాలు కట్టేటప్పుడు లోపలి భూములకు దారి మూసుకుపోకుండా స్థలం అంచున అందరికీ ఉపయోగపడే రోడ్డు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, చెప్పాయి. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా రోడ్లకు అడ్డుగా ఉన్న కొన్ని ప్రహరీలను తొలగించింది. ఈ తరహా ఫిర్యాదులు దాని ప్రజావాణికి వస్తూనే ఉన్నాయి.

నివాసుల భయాలను కొట్టిపారేయలేం. గోడ తీస్తే దొంగతనాలు పెరుగుతాయని, లారీలు దూసుకొస్తాయని వారి ఆందోళన. భారీ వాహనాలను అడ్డుకునే కమ్మీలు, స్పీడు బ్రేకర్లు, నడిచేవారికీ సైకిళ్లకూ మాత్రమే వీలుండే చిన్న దారి వంటి మార్గాలున్నాయి. బడి పిల్లలకు ఆ చిన్న దారైనా చాలు. మొత్తంగా మూసేయడం మాత్రం పక్క కాలనీ మీద భారం వేయడమే.

తర్వాత కలపాలంటే కోట్లు

ఇళ్లు కూలుతాయి, మళ్లీ లేస్తాయి. వీధి గీత మాత్రం ఒకసారి పడితే తరాలు నిలుస్తుంది. తెలంగాణలో 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. రుసుము కడితే ప్లాటు సక్రమం కావచ్చు. రోడ్లు కలవవు. విడిపోయిన ప్రాంతాలను కలపడానికి హైదరాబాద్ రోడ్ల అభివృద్ధి సంస్థ వందకు పైగా లింకు రోడ్లను గుర్తించింది. భూసేకరణ, పరిహారం, కోర్టు కేసులతో ఒక్కో కిలోమీటరు బరువైంది. రైలు పట్టాలు వేరుచేసిన కూకట్‌పల్లి, హైటెక్ సిటీలను కలిపే కైత్లాపూర్ వంతెన 2022 జూన్‌లో గానీ అందుబాటులోకి రాలేదు.

2025 మార్చిలో హెచ్ఎండీఏ పరిధి 10 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. కొత్తగా చేరిన గ్రామాల్లో చాలా భూములు ఇంకా పొలాలే. నక్షా బాటలు ఇంకా బాటలుగానే ఉన్నాయి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు పక్క సర్వే నంబర్లను కూడా కలిపి పటం మీద చూస్తే, రోడ్డు ఎక్కడ కొనసాగాలో అప్పుడే తేలిపోతుంది. ప్లాటు కొనేవారు కూడా బ్రోచరులోని బొమ్మతో సరిపెట్టుకోకుండా గ్రామ నక్షా తెప్పించుకుని, వెంచరు రోడ్డు అంచున గోడ ఉందా, బాట ఉందా చూసుకోవాలి. బయానా ఇచ్చాక చూసి ప్రయోజనం లేదు.