పడవ ముక్కు దించే పలక

ఫ్లోరిడా దక్షిణపు కొసన, మయామీని ఆనుకుని ఉన్న బిస్కేన్ అఖాతంలో 17, 18 అడుగుల చేపల వేట పడవలు కొల్లలుగా తిరుగుతుంటాయి. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ఒళ్లు, నడిమధ్య నిలబడి తిప్పే స్టీరింగు, వెనుక గోడకు బిగించిన ఔట్‌బోర్డ్ ఇంజిన్. ఆ ఇంజిన్ దగ్గరే బ్యాటరీలు, ఎర చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టి. తొట్టిలో 100 లీటర్లు పోస్తే 100 కిలోల బరువు పెరిగినట్టే. గాలం వేసే మనుషులు కూడా ఎక్కువసేపు వెనకే ఉంటారు. అంటే వేటకు అనువుగా ఉండాలని చేసిన ప్రతి ఏర్పాటూ పడవ వెనుక భాగాన్ని నీటిలోకి దించుతుంది.

లంగరు దగ్గర ఈ బరువు పెద్దగా బాధించదు. థ్రాటిల్ ముందుకు తోసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నీటిని చీల్చుకుంటూ పోయే ఏ పడవైనా తన ముందు ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరిగి, ఒక దశలో పడవ పొడవుతో సమానమవుతుంది. నీటి మట్టం దగ్గర 16 అడుగులున్న పడవకు ఈ దశ సుమారు 5.4 నాట్ల దగ్గర, అంటే గంటకు 10 కిలోమీటర్ల వేగంలో వస్తుంది. అంతకు మించి పోవాలంటే పడవ తాను లేపిన అల వాలును తానే ఎక్కాలి. ముక్కు ఆకాశం వైపు లేస్తుంది, వెనుక భాగం కూరుకుపోతుంది, ఇంజిన్ గర్జిస్తుంది, ఇంధనం ఖర్చవుతుంది, వేగం మాత్రం పెరగదు. నడిపే మనిషికి ఎదుట ఏముందో కనబడదు. చేపల పడవల ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు ఈ గుడ్డి క్షణాలను జనం తక్కువగా లెక్కిస్తారని నా అభిప్రాయం.

ఆ మిట్ట దాటితే పడవ స్వభావమే మారిపోతుంది. చెరువు మీద విసిరిన పెంకు కప్పగంతులు వేసినట్టు, అడుగుభాగం నీటిని కిందికి నొక్కి తానే పైకి లేచి పరుగు తీస్తుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. వెనుక బరువు ఎక్కువున్న పడవ ఆ మిట్ట మీదే చిక్కుకుని ఎక్కువసేపు ఊగిసలాడుతుంది.

దీనికి పాత పరిష్కారాలు లేకపోలేదు. బరువులు ముందుకు సర్దేవారు. పడవ అడుగున, వెనుక అంచు దగ్గర ఒక చెక్క ముక్కను వాలుగా బిగించేవారు. ఆ చెక్క పడవ ముక్కును దించుతుంది కానీ ఎప్పుడూ దించుతూనే ఉంటుంది, అక్కర్లేనప్పుడు తీసేయడం కుదరదు. ఇంజిన్‌నే వంచి ప్రొపెల్లర్ తోపు దిశ మార్చవచ్చు. అయితే అలా చేసినప్పుడు తోపులో కొంత పడవను ముందుకు నడపడానికి పనికిరాకుండా పోతుంది. పైగా ఒక్క ఇంజిన్‌తో పడవ ఒక పక్కకు ఒరగడాన్ని సరిచేయలేం.

కావలసింది అవసరమైనప్పుడు దిగి, అక్కర్లేనప్పుడు లేచే పలక. చిన్న పలకతో పెద్ద పనులు చేయించవచ్చని మొదట విమానాల్లో తేలింది. జర్మన్ ఇంజినీరు ఆంటన్ ఫ్లెట్నర్ (1885–1961) విమానపు చుక్కాని వెనుక అంచున బుల్లి రేకును అతికించి, ఆ రేకును తిప్పితే గాలి ఒత్తిడే పెద్ద చుక్కానిని తిప్పేలా చేశాడు. పడవల పలకకు ట్రిమ్ ట్యాబ్ అన్న పేరు విమానాల రేకు నుంచే వచ్చింది కానీ పని విధానం వేరు. ఇది చుక్కానికి సాయం చేయదు, నేరుగా పడవ ఒంటినే పట్టుకుని ఎత్తుతుంది. వెనుక గోడ కింది అంచున, ఇంజిన్‌కు చెరోపక్క, కీలుతో బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు రెండు. వాటిని దించేవి హైడ్రాలిక్ గొట్టాలో, విద్యుత్ మోటార్లో. 1960 ప్రాంతంలో ఫ్లోరిడాలో ఛార్లెస్ బెన్నెట్ మొదలుపెట్టిన సంస్థ వీటిని మామూలు పడవల యజమానుల దాకా తెచ్చింది.

కాలం కూడా కలిసివచ్చింది. ఆ రోజుల్లోనే, 1960లో, మయామీ నుంచి బహామాస్ దీవుల్లోని నాసావుకు జరిగిన పడవల పందెంలో రిచర్డ్ బెర్ట్రామ్ ‘మాపీ’ అనే పడవతో ఉధృతమైన సముద్రంలో గెలిచాడు. దాన్ని గీసిన రేమండ్ హంట్ అడుగుభాగాన్ని ముందు నుంచి వెనుక దాకా లోతైన ‘వి’ ఆకారంలో ఉంచాడు. అలల మీద నుంచి దభాలున పడినా నడుం విరగకుండా కాపాడే ఆకారమిది. వేగంగా పోయే వేట పడవల్లో చాలావరకు క్రమంగా ఆ బాట పట్టాయి. కానీ దీనికో గుణం ఉంది. చదును అడుగున్న పడవ కంటే ఇది తేలిగ్గా ఒరుగుతుంది. పక్కగాలి వీచినా, ఇద్దరు మనుషులు ఒకే వైపు చేరినా ఒక భుజం దించుకుని పరిగెడుతుంది. ‘వి’ ఎంత లోతుగా ఉంటే ట్యాబ్‌ల అవసరం అంత పెరిగింది.

ఇంతకీ అరచేయి మందాన లేని రేకు అంత పని ఎలా చేస్తుంది? అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం హోబోకెన్‌లోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు డేవిడ్‌సన్ ప్రయోగశాల ఉంది. అక్కడ డేనియల్ సావిట్‌స్కీ 1964లో ప్లేనింగ్ పడవల లెక్కలన్నీ ఒకచోట చేర్చి వ్యాసం రాశాడు. నేటికీ డిజైనర్లు ఆయన పద్ధతితోనే మొదలుపెడతారు. 1976లో వార్డ్ బ్రౌన్‌తో కలిసి రాసిన మరో వ్యాసంలో వెనుక పలకల బలాన్ని లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. దాన్ని మన పడవకు వేసి చూద్దాం. రేకు ఒక్కోటి 12 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు, 5 డిగ్రీలు కిందికి వంచాం, పడవ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్లతో పోతోంది. రెండు రేకులూ కలిసి ఎత్తే బరువు సుమారు 178 కిలోలు! వెనుక తొట్టిలోని నీళ్లూ, దాని పక్కన నిలబడ్డ ఒక మనిషీ లేనట్టే లెక్క.

ఈ బలం రేకు మీదే పుట్టదు. దిగిన రేకు నీటి దారికి అడ్డం పడగానే దాని ముందున్న నీరు నెమ్మదిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి పడవ అడుగున ముందుకు పాకుతుంది. సూత్రం ప్రకారం ఎత్తుబలపు కేంద్రం రేకు కొస నుంచి పడవ వెడల్పులో 0.6 వంతు దూరానికి పైనే ముందుకు ఉంటుంది. 2 మీటర్ల వెడల్పుంటే అది 1.2 మీటర్ల పైమాటే. రేకు దిగితే ఎత్తేది అడుగుభాగమే అన్నమాట. ఈ విషయం తెలిసినప్పటి నుంచి ట్యాబ్ అంటే నాకు గౌరవం పెరిగింది.

ఖరీదు లేదా? ఉంది. అదే లెక్కలో పడవ 4 డిగ్రీల కోణంలో ఉంటే రేకులు పడవను వెనక్కి లాగే ఈడ్పును 8 కిలోలకు పైగా తెచ్చిపెడతాయి. ముక్కు మరీ లేచి ఉన్న పడవలో దీన్ని మించిన ఈడ్పును అవే తగ్గిస్తాయి కాబట్టి లాభమే మిగులుతుంది. ప్లేనింగ్ అడుగుభాగానికి ఈడ్పు కనిష్ఠంగా ఉండే కోణం సుమారు 4 డిగ్రీలు. పడవ అప్పటికే ఆ కోణంలో ఉంటే రేకు దించడం శుద్ధ నష్టం. అందుకే ట్యాబ్ పెడితే గరిష్ఠ వేగం పెరుగుతుందని ఆశపడి కొనేవారికి నిరాశే. పూర్తి వేగంలో పడవ తనంతట తానే సరైన కోణానికి వస్తుంది, రేకులు పైకి ముడుచుకుని ఉండాలి. వీటి నిజమైన మేలు నడిమి వేగాల్లో. ప్లేనింగ్ త్వరగా మొదలవుతుంది, మునుపటికంటే తక్కువ వేగంలోనూ నిలుస్తుంది. అలలు పెరిగిన మధ్యాహ్నం 25 నాట్లతో ఒళ్లు హూనం చేసుకోవడమో, 7 నాట్లతో ఈదుకుంటూ రావడమో అన్న రెండు దారులే ఉన్న జాలరికి మధ్యలో ఓ దారి తెరుచుకుంటుంది. నన్నడిగితే ఆ ఒక్క దారి కోసమే దీనికి డబ్బు పెట్టవచ్చు.

ఎదురలల్లో ముక్కు దించితే ‘వి’ పదును నీటిని కోస్తుంది. గుర్రంలా ముక్కు లేస్తూ పడుతూ పోయే జబ్బుకూ ఇదే మందు. ఒరుగు సరిచేయడంలో మాత్రం కొత్తవారు తికమకపడతారు. కుడి రేకు దిగితే కుడి వెనుక భాగం లేచి, ఎడమ ముక్కు దిగుతుంది. అందుకే చాలా పడవల్లో ఎడమ మీట నొక్కితే కుడి రేకు కదిలేలా వైర్లు కలుపుతారు. నడిపేవాడు రేకుల గురించి ఆలోచించకుండా, ఏ వైపు ముక్కు దిగాలో ఆ వైపు మీట నొక్కితే చాలు.

వెనుక నుంచి అలలు తరుముతున్నప్పుడు మాత్రం రేకులు పూర్తిగా లేపి ఉంచాలి. అప్పుడు ముక్కు దిగి ఉంటే ఎదుటి అల వీపులోకి గుచ్చుకుని, వెనుక భాగం పక్కకు తిరిగి, పడవ అడ్డంగా బోల్తా పడే ముప్పుంది. రేకులు దించి వెనక్కి నడిపితే నీటి దెబ్బకు అవి వంగిపోతాయి. వేటకు సంబంధించిన చికాకులు వేరే ఉన్నాయి. పెద్ద చేప పడవ చుట్టూ తిరిగేటప్పుడు గాలపు తీగ రేకు అంచుకు తగిలి తెగుతుంది. లోతు తక్కువ నీటిలో వేటాడే పడవల్లో వెనుక గోడను లోపలికి తొలిచి రేకును ఆ గూటిలో దాస్తే ఈ బాధ తగ్గుతుంది. ఉప్పునీటిలో వదిలేసిన పడవలో గుల్ల జీవులు కీలులో చేరి రేకును బిగుసుకుపోయేలా చేస్తాయి.

మన తీరంలోని వేట పడవల్లో ఇవి సాధారణంగా ఎందుకు కనబడవు? కాకినాడ దగ్గర ఉప్పాడలో ఫైబర్ తెప్పల్ని ఇసుక మీదికి లాగుతారు. అడుగు అంచున వేలాడే రేకు కెరటం విరిగే చోట నేలకు తగిలి మొదటి రోజే ఊడుతుంది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు చేరే పడవల్ని రూపొందించినప్పుడు, ప్రొపెల్లర్‌నే పైకి లాక్కునే ఏర్పాటు చేయవలసి వచ్చింది. అంతకన్నా పెద్ద కారణం వేగం. నీటి బలం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. 20 నాట్లలో 178 కిలోలు ఎత్తిన ఆ రెండు రేకులు 10 నాట్లలో 44 కిలోలే ఎత్తుతాయి. చిన్న ఇంజిన్‌తో వలల బరువు, ఐసు బరువు మోస్తూ 6 నాట్లతో పోయే తెప్పకు ఆ సూత్రం సరిగ్గా సరిపడదు కానీ, అంచనాకు వేసి చూస్తే వచ్చేది 16 కిలోలు. వెనుక కూర్చున్నవారిలో ఒకరు లేచి నాలుగడుగులు ముందుకు జరిగితే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.